ఇంటి చెట్ల కొమ్మలు ఏ కాలంలో, ఎలా కత్తిరించాలి: ఉద్దానం, బరంపురం ప్రాంతాల వారికి సమగ్ర మార్గదర్శి

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, పలాస వైపు వారు, సరిహద్దుకు అవతల ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడిలలో స్థిరపడిన తెలుగు కుటుంబాల వారు తరచుగా ఒకే ప్రశ్న అడుగుతున్నారు: ఇంటి చుట్టూ ఉన్న చెట్ల కొమ్మలు ఏ నెలలో కొట్టించాలి? అన్ని చెట్లకూ సరిపోయే ఒకే నెల లేదు. పెరట్లోని మామిడినీ, జామనూ, వేపనూ ఒకే రోజున, ఒకే కూలి చేత కొట్టిస్తే వాటిలో ఒక్క దానికి మేలు జరిగి, మిగతా వాటికి నష్టం కలిగే అవకాశమే ఎక్కువ.

మన ప్రాంతానికి ఇంకొక విషయం కూడా ఉంది. 2013 అక్టోబరు 12న పైలిన్ తుఫాను ఒడిశాలోని గోపాలపురం (గోపాల్‌పూర్) దగ్గర, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. మూడూ చిత్త కార్తె ప్రారంభంలోనే వచ్చాయి. అందువల్ల ఇక్కడ కత్తిరింపు కాలాన్ని అక్టోబరు నుంచి వెనక్కి లెక్కపెట్టి నిర్ణయించుకోవాలి. వేరే ప్రాంతాల కోసం రాసిన పట్టికలను యథాతథంగా పాటించడం మనకు క్షేమం కాదు.

1. కత్తి పట్టుకునే ముందు తేల్చుకోవలసిన రెండు విషయాలు

మొదటిది, ఈ చెట్టు ఏ కొమ్మ మీద పూస్తుంది? కొన్ని చెట్లు కత్తిరించిన తరువాత వచ్చే లేత చిగురు మీదనే పూస్తాయి. జామ, రేగు ఇలాంటివి. మరికొన్ని నెలల తరబడి ముదిరిన రెమ్మ చివరన మాత్రమే పూస్తాయి. మామిడి, జీడిమామిడి ఈ కోవకు చెందినవి. పనస అయితే మాను మీదా, పెద్ద కొమ్మల మీదా కాస్తుంది. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం నిర్ణయం అయిపోయినట్టే.

రెండవది, కోసిన చోట గాయం ఆరి, కొత్తగా వచ్చిన కొమ్మ గట్టిపడటానికి అక్టోబరులోగా తగినంత వ్యవధి ఉందా? ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో పెద్ద కొమ్మ తీస్తే ఎడతెగని తడి వల్ల గాయం ఆరదు, బూజు చేరుతుంది. దాని పక్కనుంచి వచ్చిన మెత్తని చిగుళ్లు పెనుగాలికి మొదలంటా ఊడి వస్తాయి. ఎండిన కొమ్మ, విరిగి వేలాడుతున్న కొమ్మ మాత్రం దీనికి మినహాయింపు; వాటిని ఏ నెలలో చూస్తే ఆ నెలలోనే తీసేయాలి.

2. ఏ చెట్టుకు ఏ కాలం

మామిడి. చివరి కాయ కోసిన వెంటనే కత్తిరించాలి. మన వైపు అది మృగశిర, ఆరుద్ర కార్తెలలో, అంటే జూన్ రెండో వారం నుంచి జూలై మొదటి వారం వరకు పడుతుంది. ఎంత ఆలస్యమైనా జూలై మూడో వారం దాటనివ్వకూడదు. ఆ తరువాత వచ్చే చిగురు నాలుగైదు నెలలు ముదిరితేనే డిసెంబరు, జనవరి నెలల్లో దాని చివరన పూమొగ్గ కడుతుంది. సంక్రాంతికి ఇంటికి సున్నం వేయించేటప్పుడు, గోడకు అడ్డం వస్తున్నాయని మామిడి కొమ్మలు కొట్టించడం మన ఇళ్లలో చాలాచోట్ల కనిపించే అలవాటు. అప్పుడు పోయేది ఆకు కాదు, ఆ ఏటి కాపు. గోడకు తగిలే కొమ్మను జూన్‌లోనే గుర్తించి తీయించాలి.

ఒడిశా వైపు ఇళ్ల వారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. జూన్ మధ్యలో మూడు రోజులు రజ పండుగ వస్తుంది. ఆ రోజుల్లో భూమికి విశ్రాంతి అని దున్నడం, తవ్వడం మానేస్తారు, పనివారు దొరకరు. కూలీలను పండుగకు ముందైనా, తరువాతైనా మాట్లాడుకోవాలి.

జీడిమామిడి. పిక్కల ఏరివేత మే నెలాఖరుకు ముగుస్తుంది. ఆ తరువాత, వానలు ముమ్మరం కాకముందే ఎండు పుల్లలు, ఒకదానినొకటి రాసుకునే కొమ్మలు, నేలకు ఆనే కొమ్మలు తీయాలి. ఆ పని చేస్తున్నప్పుడే మాను మొదట్లో చేతితో తడిమి చూడాలి. బెరడు పగుళ్లలో బంక కారుతూ, దానితో కలిసి రంపపు పొట్టు వంటి ముతక పొడి కనిపిస్తే కాండం తొలుచు పురుగు చేరిందని అర్థం. అక్కడ బెరడును ఉలితో జాగ్రత్తగా తొలగించి, లోపలి పురుగును ఏరి చంపి, తరువాత మందు పూత వేయాలి. పైకొమ్మలు ఎంత చక్కగా కత్తిరించినా, మొదట్లో ఈ పురుగును వదిలేస్తే చెట్టు నిలవదు.

జామ. జామకు కత్తిరింపు భయం లేదు. కత్తిరించిన చోటనే కొత్త రెమ్మ వచ్చి దాని మీద పూస్తుంది. ఏప్రిల్ చివర నుంచి మే నెలలోగా రెమ్మల చివరలు సగం వరకు తీసేస్తే వానాకాలపు కాయ తగ్గి, చలికాలపు కాయ పెరుగుతుంది. వానాకాలపు జామకాయలో పండు ఈగ పురుగు ఎక్కువ, రుచి తక్కువ. కనుక ఇంటి వాడకానికి చలికాలపు కాపును ఎంచుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

మునగ. చివరి కాయలు కోసిన తరువాత, వానలు పడకముందే మొదలుకు సుమారు మూడు అడుగుల ఎత్తున కోసేయవచ్చు. వాన నీరు నిలవకుండా కోతను ఏటవాలుగా కోయాలి. మునగ కొమ్మ పెళుసు. ఎంత లావుగా కనిపించినా దాని మీదకు ఎక్కకూడదు, పిల్లలను ఎక్కనీయకూడదు.

వేప, కానుగ, బాదం వంటి నీడ చెట్లు. వీటికి మాఘ మాసం, అంటే జనవరి చివర నుంచి ఫిబ్రవరి వరకు, అనుకూలం. పాత ఆకు రాలి కొత్త చిగురుకు ముందున్న ఆ సమయంలో కొమ్మల తీరు స్పష్టంగా కనిపిస్తుంది, గాలిలో తేమ తక్కువ, పైగా అక్టోబరుకు ఎనిమిది నెలల వ్యవధి ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం నీడ చెట్టును బోడి చేయకూడదు. అంతకాలం నీడలో ఉన్న బెరడు ఒక్కసారిగా ఎండకు గురై పగులుతుంది. ఇంటికి నీడ అవసరమైన నెలలు కూడా అవే.

పనస. కాయలన్నీ దిగిన తరువాత, జూలైలో ఎండిన తొడిమలు, లోపలి ఎండు పుల్లలు మాత్రమే తీయాలి. మాను మీద పొట్టిగా, గుత్తులుగా వచ్చే పచ్చి రెమ్మలను పనికిరానివని చెక్కేయకూడదు. వచ్చే ఏడాది కాయ వచ్చేది అక్కడి నుంచే.

సీతాఫలం, రేగు. సీతాఫలానికి ఆకు రాలిన ఫిబ్రవరి, మార్చి నెలలు, రేగుకు ఏప్రిల్, మే నెలలు సరైనవి. రేగును గట్టిగా కత్తిరించినా తట్టుకుంటుంది.

నిమ్మ, సపోటా, కరివేపాకు. నిమ్మకు, సపోటాకు పెద్ద కత్తిరింపు అక్కర్లేదు. అంటు కట్టిన చోటికి కింద నుంచి వచ్చే పిలకలను, నిటారుగా దూసుకుపోయే నీరుకొమ్మలను కనిపించినప్పుడల్లా తీసేస్తే చాలు. కరివేపాకును చలి తగ్గగానే నడుము ఎత్తుకు కోస్తే గుబురుగా వస్తుంది.

3. సన్నాహం

పని మొదలుపెట్టే రోజుకు ముందు రెండు రోజులు, తరువాత రెండు మూడు రోజులు వాన లేని సమయాన్ని ఎంచుకోవాలి. జూన్, జూలైలలో కూడా అలాంటి తెరపులు దొరుకుతాయి. ఉదయం మంచు ఆరిన తరువాత మొదలుపెట్టి మధ్యాహ్నానికి ముగించడం మంచిది, ఎందుకంటే కోతల మీద మందు పూత వేసిన తరువాత అది ఆరడానికి ఎండ కావాలి.

సిద్ధం చేసుకోవలసినవి:

- బొటనవేలి లావు వరకు ఉన్న రెమ్మలకు చేతి కత్తెర
- అంతకు మించిన కొమ్మలకు సన్నపళ్ల రంపం (కత్తితో, గొడ్డలితో నరికితే బెరడు చీలుతుంది)
- ఎత్తు రెమ్మలకు దోటి, కొమ్మను నెమ్మదిగా దించడానికి గట్టి మోకు
- కదలకుండా ఒకరు పట్టుకునేలా నిచ్చెన
- చెట్టుకూ చెట్టుకూ మధ్య పనిముట్లు తుడవడానికి స్పిరిట్, గుడ్డ
- బోర్డో పేస్టు (కోతల మీద పూసే మైలుతుత్తం, సున్నం ముద్ద), పాత బ్రష్షు, చేతి తొడుగులు

బోర్డో పేస్టును ఇంట్లోనే చేసుకోవచ్చు. వంద గ్రాముల మైలుతుత్తాన్ని అర లీటరు నీటిలో, వంద గ్రాముల సున్నాన్ని మరో అర లీటరు నీటిలో వేర్వేరుగా ప్లాస్టిక్ బకెట్లలో కరిగించాలి. ఇనుప, రేకు పాత్రలు వాడకూడదు. సున్నపు నీటిని వడకట్టి, మైలుతుత్తం నీటిని అందులో కొద్దికొద్దిగా పోస్తూ కర్రతో కలపాలి. నీలిరంగు ముద్దలా తయారైన తరువాత శుభ్రంగా తోమిన ఇనుప మేకును అందులో ఒక నిమిషం ముంచి తీయాలి. మేకు మీద రాగి రంగు పొర పట్టితే సున్నం చాలలేదని అర్థం. ఇంకొంచెం సున్నపు తేట కలిపి, రంగు పట్టకుండా ఉండేవరకు మళ్లీ పరీక్షించాలి. ఈ పరీక్ష చేయకుండా పూస్తే చెట్టు బెరడు మాడవచ్చు. చేసిన రోజే వాడాలి. ఇది విషం కనుక పిల్లలకు, పశువులకు, నూతికి దూరంగా కలపాలి.

కోతల మీద పేడ, మట్టి పూయడం మన పల్లెల్లో అలవాటే. వానాకాలంలో అది తడిని పట్టి ఉంచుతుంది కాబట్టి దాని బదులు పై పేస్టునే వాడమని సూచిస్తున్నాను.

ఇక రక్షణ విషయం. కొమ్మ కరెంటు తీగకు దగ్గరగా ఉంటే ఆ పని మీరు గానీ, మీ కూలీ గానీ చేయకూడదు. విద్యుత్ పంపిణీ సంస్థకు, అంటే ఆంధ్ర వైపు ఈపీడీసీఎల్ వారికి, బరంపురం వైపు టీపీఎస్‌ఓడీఎల్ వారికి చెప్పి, సరఫరా ఆపించిన తరువాతనే ఆ కొమ్మ తీయించాలి. 1912 నంబరుకు ఫోను చేయవచ్చు. కొమ్మల కత్తిరింపు వేరు, చెట్టును నరికివేయడం వేరు అన్నది కూడా గుర్తుండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద చాలా చెట్ల నరికివేతకు ముందస్తు అనుమతి కావాలి. ఒడిశా వైపు వారు స్థానిక అటవీ కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.

చెట్టు ఎక్కే ముందు కింద నుంచి నిదానంగా చూసి, తేనెపట్టు, కందిరీగల తుట్టె, ఆకులు కుట్టుకున్న ఎర్రచీమల గూళ్లు, పిల్లలున్న పక్షి గూడు ఉన్నాయేమో పరిశీలించాలి. పక్షి గూడు ఉన్న కొమ్మను పిల్లలు ఎగిరిపోయేవరకు వదిలేయండి.

4. ఏ కొమ్మ ముందు, ఏ కొమ్మ తరువాత

కొమ్మలు తీసే వరుస ముఖ్యం. ముందే పచ్చి కొమ్మల మీద పడితే, ఎండువి, తెగులువి తీసేసరికి చెట్టు బోసిపోతుంది.

1. ఎండిన కొమ్మలు. అనుమానం ఉంటే బెరడును గోటితో గీరండి. లోపల పచ్చగా ఉంటే కొమ్మ బతికే ఉంది. ఆకు రాల్చిన సీతాఫలాన్ని, బాదాన్ని చూసి చచ్చిందనుకుని నరికినవారు ఉన్నారు.
2. తెగులు సోకినవి, పురుగు తొలిచినవి. మచ్చకు జానెడు కిందకు, ఆరోగ్యంగా ఉన్న చోట కోయాలి.
3. ఒకదానితో ఒకటి రాసుకుంటున్న రెండింటిలో బలహీనమైనది.
4. చెట్టు నడిమధ్యకు పెరుగుతున్నవి, నిటారుగా లేచిన నీరుకొమ్మలు.
5. పెంకుల మీదకు, రేకుల మీదకు వాలినవి.

ప్రతి రెండు మూడు కొమ్మలకు ఒకసారి చెట్టు దిగి, పది అడుగులు దూరం వచ్చి నాలుగు వైపుల నుంచి చూడాలి. గట్టి కోతను తట్టుకునే జామ, మునగ, రేగు, కరివేపాకు మినహా, ఒక ఏడాదిలో చెట్టు పచ్చదనంలో పావు వంతుకు మించి తీయకూడదు. ఏళ్ల తరబడి కత్తి తగలని ముసలి మామిడిని రెండు మూడేళ్ల మీద విడతలుగా సరిచేయాలి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. గాలికి పడిపోతుందనే భయంతో చెట్టు తలను అడ్డంగా నరికి మోడు చేయించే పద్ధతి మన ఊళ్లలో పెరిగింది. ఆ మోడు చుట్టూ ఏడాది తిరిగేసరికి గుబురుగా చిగుళ్లు వస్తాయి. కానీ అవి పైపై బెరడుకే అతుక్కుని ఉంటాయి, లోపలి చేవతో వాటికి పట్టు ఉండదు. కోసిన చోట నీరు దిగి మాను లోపల పుచ్చుతుంది. అంటే గాలికి ముందుగా విరిగే చెట్టును మనమే తయారుచేసుకున్నట్టు అవుతుంది. తల నరకడానికి బదులు, లోపలి కొమ్మలు కొన్ని మొదలంటా తీసి గాలి దూరిపోయే సందు కల్పించాలి.

5. పెద్ద కొమ్మకు మూడు కోతలు

మణికట్టు కన్నా లావైన కొమ్మను ఒకే కోతతో తీయకూడదు. సగం తెగగానే అది బరువుకు వాలి, మాను మీది బెరడును బారెడు పొడవున చీల్చుకుంటూ పడుతుంది.

మొదటి కోత: మాను నుంచి అడుగు దూరంలో, కొమ్మ అడుగు వైపు నుంచి పైకి, మందంలో మూడో వంతు వరకు.

రెండవ కోత: దానికి రెండు అంగుళాలు అవతల, పై వైపు నుంచి కిందకు. కొమ్మ ఇక్కడ తెగి పడుతుంది. మొదటి కోత వల్ల చీలిక అక్కడే ఆగిపోతుంది. కింద ఇల్లు, గోడ ఉంటే ముందే కొమ్మకు మోకు కట్టి, మోకును మరో బలమైన కొమ్మ మీదుగా వేసి ఇద్దరు పట్టుకుని దించాలి.

మూడవ కోత: మిగిలిన అడుగు ముక్కను తీసేది ఇది, అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే. కొమ్మ మానుతో కలిసే చోట కొద్దిగా ఉబ్బిన వలయం, దాని మీద ముడతలు కనిపిస్తాయి. గాయాన్ని మూసే కణజాలం ఆ ఉబ్బులోనే ఉంటుంది. రంపాన్ని ఆ ఉబ్బుకు సరిగ్గా అవతల పెట్టి కోయాలి. ఉబ్బును కలిపి మానుకు సమంగా కోస్తే గాయం మూసుకోదు. జానెడు మొండి వదిలితే అది ఎండి పుచ్చి తెగులును లోపలికి తీసుకుపోతుంది. కోత అంచులను పదునైన చాకుతో నున్నగా చేసి, అదే పూట పేస్టు పూయాలి.

6. కొబ్బరి

పై పద్ధతులేవీ కొబ్బరికి వర్తించవు. దీనికి పెరిగే చోటు ఒక్కటే, మొవ్వు. మాను మీద పడిన గాయం ఎన్నటికీ పూడదు. అందుకే కొబ్బరికి కత్తిరింపు అని కాక, తల శుభ్రం చేయడం అని అనుకోవాలి.

- పూర్తిగా ఎండి వేలాడే మట్టలు, ఎండిన గెల కాడలు, పీచు మాత్రమే తీయించండి.
- పచ్చి మట్ట కోయనివ్వకండి. ప్రతి మట్ట కుదురులో ఒక గెల వస్తుంది, ఆ గెల బరువును మోసేదీ మట్టే.
- ఇంటి మీద పడుతుందని తప్పనిసరై పచ్చి మట్ట కోస్తే, మాను నుంచి నాలుగు అడుగుల కాడ వదిలి కోయాలి. మొదట్లో కోస్తే ఆ వాసనకు ఎర్రముక్కు పురుగు వచ్చి గుడ్లు పెడుతుంది.
- ఎక్కేందుకు మానుకు గాట్లు పెట్టనివ్వకండి.

తల శుభ్రం చేసేటప్పుడు మొవ్వు దగ్గర రంధ్రాలు, నమిలిన పీచు ఉన్నాయేమో చూడమని దింపు తీసేవారికి చెప్పాలి; విచ్చిన ఆకు కత్తెరతో కోసినట్టు ఉంటే కొమ్ము పురుగు తిన్నదని గుర్తు. సెప్టెంబరులో ముదురు కాయలన్నీ దింపించి, ఎండు మట్టలు తీయిస్తే అక్టోబరు గాలికి తల మీద బరువు తగ్గుతుంది.

7. తుఫాను హెచ్చరిక వచ్చిన తరువాత

హెచ్చరిక వచ్చాక పచ్చి కొమ్మలు నరకడం మొదలుపెట్టకూడదు. తడిసిన చెట్టెక్కి మనుషులు పడతారు, నరికి పడేసిన కొమ్మలు గాలికి లేచి కిటికీలకు, రేకులకు తగులుతాయి. ఆ సమయంలో చేయదగినవి మూడే: వేలాడుతున్న ఎండు కొమ్మను చేతికి అందితే తీయడం, ముదురు కొబ్బరికాయలు దింపడం, నేల మీది కొమ్మలను గదిలోకి చేర్చడం.

తుఫాను వెళ్లాక, విరిగిన చోట చీలికలను తొందరపడి లోతుగా చెక్కకండి. వేలాడేవి తీసి, చీలిన అంచులను రంపంతో శుభ్రంగా కోసి, పూత వేయండి. వాలిన చిన్న చెట్టును వేర్లు ఆరిపోకముందే, రెండు మూడు రోజుల్లోగా నిలబెట్టి, ఊత కర్రలు కట్టి, మొదట్లో మట్టి ఎగదోయాలి. వేర్లు సగం తెగి ఉంటాయి కనుక పైకొమ్మలు కొన్ని తగ్గించడం ఆ ఒక్క సందర్భంలో ఏ కాలమైనా తప్పు కాదు.

8. తరచుగా జరిగే పొరపాట్లు, వాటి సవరణ

మామిడిని నవంబరులో కొట్టించారు. మళ్లీ కత్తి పెట్టకండి. వచ్చిన చిగుళ్లలో ప్రతి కోతకు రెండు మూడు బలమైనవి ఉంచి మిగతావి లేతగా ఉన్నప్పుడే చేతితో తుంచేయండి. ఆ కొమ్మల మీద ఆ ఏడు పూత ఉండదు, మరుసటి ఏడు వస్తుంది.

బెరడు చీలిపోయింది. వేలాడే బెరడును తిరిగి అతికించి కట్టకండి, లోపల తడి చేరుతుంది. బెరడు ఇంకా మానుకు అతుక్కుని ఉన్న చోటి వరకు చాకుతో కోసి, కింది అంచు నీరు జారిపోయేలా కోసుగా చేసి, పేస్టు పూయండి.

చెట్టు బోడి అయింది. మాను మీద, ఎండకు తగిలే కొమ్మల మీద పల్చని సున్నం పూయండి. చాలామంది తోచక ఒక్కసారిగా యూరియా వేస్తారు. అది వద్దు, మెత్తని చిగుళ్లు విపరీతంగా వచ్చి పురుగును పిలుస్తాయి.

పాత మొండి మిగిలిపోయింది. దాని మొదట్లో ఉబ్బు గట్టిపడి మొండిని చుట్టుకుని ఉంటే, ఉబ్బును తాకకుండా ఎండు మొండిని మాత్రమే కోయాలి.

9. కత్తిరింపు తరువాత

కోసిన కొమ్మలను చెట్టు కింద కాల్చకూడదు, పైవేర్లు మాడతాయి. తెగులువి, పురుగు ఉన్నవి దూరంగా తీసుకెళ్లి కాల్చాలి. ఆరోగ్యమైన ఆకు, సన్న రెమ్మలు చెట్టు పాదులో పరచవచ్చు. అయితే మానుకు జానెడు దూరం వదలాలి, లేకపోతే చెద పడుతుంది. బాగా చివికిన పశువుల ఎరువును మాను మొదట్లో కాక, కొమ్మల చివర నీడ పడే చోట చుట్టూ కాలువ తీసి వేయాలి.

మూడు, నాలుగు వారాల తరువాత మళ్లీ ఒకసారి చెట్టు చుట్టూ తిరిగి చూడండి:

- పూత వానకు కొట్టుకుపోయిన కోతలకు మరోసారి పేస్టు పూశారా?
- ప్రతి కోత దగ్గర అవసరానికి మించిన పిలకలు తుంచారా?
- అంటు కింద నుంచి పిలకలు ఏమైనా లేచాయా?
- కోతల దగ్గర బంక గానీ, పొట్టు గానీ కనిపిస్తోందా?
- కోత చుట్టూ కొత్త బెరడు ఉబ్బుగా మొదలైందా?

చివరి ప్రశ్నకు సమాధానం అవును అయితే ఆ కోత సరైన చోట పడినట్టే. మూడు నెలలైనా ఏ వైపునా ఉబ్బు రాకపోతే, ఆ కోత మొదట్లో వేలితో నొక్కి చూడండి. మెత్తగా ఉంటే ఆ మెత్తని భాగాన్ని గట్టి చెక్క తగిలేవరకు తీసి, ఆరనిచ్చి, మళ్లీ పేస్టు పూయాలి.